ఆరోసారి కూడా విచారిస్తున్నాం

మెడలో వేసుకునే ఈ బ్యాడ్జీలు తయారుచేసేది ఎవరో గానీ, వాళ్లెప్పుడూ ఒకటి మెళ్లో వేసుకుని అరగంట తిరిగి ఉండరు. తిరిగి ఉంటే దాన్ని ఒక్క కొక్కేనికి వేలాడదీయరు. వేసుకున్న మరుక్షణం వెనక్కి తిరుగుతుంది. ముందువైపు మనిషి పేరు, వెనకవైపు కార్యక్రమాల టైములు. మూడు రోజుల రచయితల సభలో మూడొందల మంది ఎదురెదురుపడి, ఒకరి గుండెల మీద ఒకరు 'భోజనం ఒంటిగంటకు' అని చదువుకుని, తలాడించుకుని వెళ్లిపోతుంటారు. సభ పెట్టింది పరిచయాల కోసమేనట.

మా పక్క వాటా లిఫ్టాయన కూడా శుక్రవారం పొద్దుట్నుంచీ తన బ్యాడ్జీని ముందుకి తిప్పుకుంటూనే ఉన్నాడు. లిఫ్టాయన అంటే లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. పంతొమ్మిదేళ్ల సర్వీసు. చొక్కా ఎంత ఉతికినా జేబు దగ్గర గ్రీజు మరక ఒకటి పుట్టుమచ్చలా ఉండిపోతుంది. ఆఫీసుకి జ్వరమని చెప్పాడు. ఏటా ఇదే వారంలో ఆయనకి జ్వరం వస్తుంది. మేనేజరు దాన్ని వాతావరణంలో మార్పు అనుకుంటాడు.

సభతో పాటు సినిమా స్క్రిప్టుల పోటీ ఒకటి నడుస్తుంది. వచ్చినవాటిలో పన్నెండు తుదిజాబితాకి తీస్తారు. లిఫ్టాయన పంపడం ఇది ఆరోసారి. నెగ్గుతానన్న ఆశ మూడో ఏడాదే వదిలేశాడు. ఇప్పుడాయన ఆశ చాలా చిన్నది.

"బాలేదంటే బాలేదని రాయొచ్చు కదండీ," అంటాడు నాతో, పిట్టగోడకి అవతల నిలబడి. "ఫలానా పేజీలో నిద్రొచ్చింది, ఫలానా చోట నవ్వొచ్చింది అనొచ్చు. మనిషన్నవాడు ఒకడు కూర్చుని మొత్తం చదివి, బాగుందో బాలేదో ఒక్క ముక్క చెబితే చాలండీ. నేను రాయాలో మానాలో తేలిపోతుంది."

వాళ్లు అలా రాయరు. వాళ్లు రాసేది ఒకటే ఉత్తరం. 'ఈసారి ఎన్నో చక్కని రచనలు వచ్చాయి. మీ రచనను ఎంపిక చేయలేకపోయినందుకు విచారిస్తున్నాం.' ఐదేళ్లూ అదే ఉత్తరం. నాలుగో ఏడాది మాత్రం 'చింతిస్తున్నాం' అని వచ్చింది. ఆ తేడా మీద లిఫ్టాయన నెల రోజులు బతికాడు. చింతించడం విచారించడం కన్నా ఓ మెట్టు పైన ఉంటుంది కదా, కథ కాస్త మెరుగుపడ్డట్టే కదా అని నన్నడిగాడు. ఐదో ఏడాది మళ్లీ విచారంలోకి దిగారు.

శుక్రవారం సాయంత్రం నాలుగింటికి జాబితా బోర్డుకి అతికించారు. పేర్లుండవు, నంబర్లే. ఎవరు రాశారో తెలియకుండా చదివితేనే న్యాయమని వాళ్ల పద్ధతి. జాబితా ముందు జనం. లిఫ్టాయన జేబులోంచి చీటీ తీసి తన నంబరు చూసుకున్నాడు. కంఠతా వచ్చు, అయినా చూసుకున్నాడు. కిందనుంచి పైకి చదివాడు. తర్వాత పైనుంచి కిందకి చదివాడు. తర్వాత, అంకెలు తారుమారై ఉండొచ్చేమోనని ఒకసారి తిరగేసి చదివాడు.

"పడిందా?" అన్నాడు వెనకనుంచి సెమీఫైనల్.

సెమీఫైనల్ అంటే ఆయన అసలు పేరు కాదు. ఎనిమిదేళ్ల కిందట ఏదో పోటీలో సెమీఫైనల్ దాకా వెళ్లాడు. ఆ తర్వాత ఆ సంగతి చెప్పడం తప్ప కొత్తగా ఏమీ రాయలేదు, ఏటా ఆ పాతదే పంపుతాడు.

"పడలేదు," అన్నాడు లిఫ్టాయన.

"నాకూ పడలేదు. ఇదంతా తెలిసినవాళ్ల వ్యవహారం. నేను సెమీఫైనల్‌కి వెళ్లినప్పుడు మాత్రం నిజాయితీగా చేశారు."

జేబులో ఫోను టింగుమంది. ఉత్తరం వచ్చేసింది. ఆరోసారి కూడా విచారిస్తున్నారు.

*

ఇంటికెళ్లేసరికి ఇల్లాలు అప్పుడే ఆసుపత్రి నుంచి వచ్చి చెప్పులు విప్పుతోంది. ఆవిడ ఆసుపత్రిలో రికార్డుల సెక్షను. ఎనిమిది గంటలు కాగితాలు సర్ది, టైపు చేసి, ఫైళ్లలో పెట్టి వస్తుంది. కుడి మణికట్టుకి సాగే పట్టీ ఒకటి వేసుకుంటుంది. డాక్టరు టైపింగు తగ్గించమన్నాడు. ఆ మాట రాసిన చీటీని ఆవిడే టైపు చేసుకుని ఫైల్లో పెట్టుకుంది.

మొగుడి మొహం ఒకసారి చూసింది. రెండు కప్పుల కాఫీ కలిపి, ఒకటి ఆయన ముందు పెట్టి, "బిస్కెట్లు అయిపోయాయి," అంది. ఆ ఇంట్లో ఓదార్పు ఈ రకంగానే ఉంటుంది.

సరిగ్గా అప్పుడే బావమరిది ఫోను. ఆయన మందుల కంపెనీలో సేల్సు మేనేజరు, జీవితంలో ఏ పనైనా మూడు నెలల్లో తేలిపోవాలని నమ్మేవాడు.

"ఏం బావా, ఏమైంది? పడ్డావా?"

"లేదు."

"పడలేదంటే మంచిదేగా, దెబ్బలు తగల్లేదు!" అని తన జోకుకి తనే నవ్వుకున్నాడు. "అది కాదు బావా, ఆరేళ్లంటే మాటలా? మా దగ్గర ఒక మందు ఆరు నెలలు కదలకపోతే గోడౌన్లోంచి కూడా తీసేస్తాం. అక్కకి ఇవ్వు ఫోను."

అక్క ఫోను తీసుకుంది. అవతలివైపు చెప్పిందంతా వింది. "ఊఁ... ఊఁ... సరేలే, నువ్వు నీ పొట్ట తగ్గించుకో ముందు," అని పెట్టేసింది.

"ఏమంటాడు?"

"పొట్ట తగ్గిందట."

లిఫ్టాయన కాఫీ మీద కట్టిన మీగడని చెంచాతో పక్కకి తోశాడు. "మనకి చేతకాదేమో," అన్నాడు.

"ఏది?"

"రాయడం."

ఆవిడ పట్టీ విప్పి మణికట్టు రుద్దుకుంటోంది. ఏదో అనబోయి, ఆయన గోడకేసి చూస్తుంటే ఊరుకుంది. "రేపు చొక్కా ఏది వేసుకుంటారు? నీలంది ఆరలేదు," అంది.

*

శనివారం పదిన్నరకి నాలుగో అంతస్తు హాల్లో పాఠం. ముప్పై సెకన్లలో కథ చెప్పడం ఎలా అన్నది విషయం. చెప్పేవాడు ముప్పై సెకన్లలో చెప్పే పద్ధతిని గంటన్నర చెబుతాడని కార్యక్రమాల కాగితంలో ఉంది.

"మీరు లిఫ్టెక్కారు," అన్నాడు పాఠం చెప్పే ఆయన. "లోపల ఓ పెద్ద నిర్మాత ఉన్నాడు. మీరిద్దరే. దిగేలోపు మీ కథ ఆయన చెవిన పడాలి. ఎంత టైముంది మీకు?"

"ఒక నిమిషం!" అన్నారెవరో.

లిఫ్టాయన అలవాటుగా చెయ్యెత్తాడు. "ఎన్ని అంతస్తులండీ?"

"ఎన్నయితే ఏముందండీ, ఉదాహరణకి చెబుతున్నా."

"అలా కుదరదండీ. అంతస్తుకి నాలుగు సెకన్లు. తలుపు మూసుకోడానికి మూడు, తెరుచుకోడానికి మూడు. ఈ బిల్డింగులో కిందనుంచి ఐదో అంతస్తుకి ఇరవై ఆరు. మధ్యలో ఎవరూ ఎక్కకపోతే."

హాలంతా 'ఇరవై ఆరు' అని రాసుకుంది. ఆ గంటన్నరలో అందరూ రాసుకున్న ముక్క అదొక్కటే.

పావుగంట తర్వాత ఫోను మోగింది. మేనేజరు. లిఫ్టాయన వంగుని, చేత్తో నోరు మూసుకుని ఎత్తాడు.

"ఎలా ఉంది ఒంట్లో?"

"అలాగే ఉందండీ," అన్నాడు నీరసంగా. దానికి నటించక్కర్లేకపోయింది.

"అసలు నీ హీరోకి ఏం కావాలి?" అని మైకులో గట్టిగా వినపడింది.

"ఎవరిదా గొంతు?"

"టీవీ అండీ."

"సరే విను. ఆ రచయితల సభ జరిగే బిల్డింగులో లిఫ్టు ఇరుక్కుంది. లోపల మనుషులున్నారట. నీ ఇంటికి అదే దగ్గర. ఓ మాత్ర వేసుకుని వెళ్లిరా నాయనా. నీకు పుణ్యముంటుంది."

లిఫ్టాయన లేచాడు. ఇంటి తాళంచెవులు మర్చిపోయే మనిషే గానీ, లిఫ్టు తలుపులు తీసే మూడు మూలల చెవి మాత్రం ఎప్పుడూ నడుముకే ఉంటుంది. మెట్లు దిగి మూడో అంతస్తుకి వచ్చేసరికి లిఫ్టు తలుపు ముందు ముప్పై మంది. లిఫ్టు రెండుకీ మూడుకీ మధ్య ఆగింది. తలుపు సందులోంచి లోపలివాళ్ల మాట వినపడుతోంది.

లోపల ముగ్గురు. ఒకరు పోటీ జడ్జిగారు, తలపండిన రచయిత. ఇంకొకరు పోటీ వ్యవహారాలు చూసే కోఆర్డినేటరమ్మాయి. మూడోవాడు సెమీఫైనల్. జడ్జిగారు లిఫ్టెక్కడం చూసి పాఠం మధ్యలో వదిలేసి పరిగెత్తుకొచ్చి దూరాడట. తన కథ చెబుతూ, అందులో భూకంపం వచ్చే చోట చేతులు బారచాచి, తలుపు మీద దబ్బున చరిచాడు. పాత లిఫ్టు. నడుస్తుండగా తలుపు కాస్త కదిలితే చాలు, టక్కున ఆగిపోతుంది, ఇక ఎవరు నొక్కినా కదలదు.

బయట జనం ఊరికే లేరు. జడ్జిగారు ఎటూ కదల్లేని స్థితిలో ఉన్నారన్న వార్త అంతస్తులన్నిటికీ పాకింది. సందుకి నోరు పెట్టి ఒకాయన తన హీరో చిన్నప్పటి కష్టాలు చెబుతున్నాడు. వెనక ఇంకొకావిడ, "మీది ఇరవై ఆరు సెకన్లు దాటింది, జరగండి," అంటోంది.

"గాలాడట్లేదు బాబూ," అంది లోపల్నుంచి జడ్జిగారి గొంతు.

"సరిగ్గా అదేనండీ, నా కథలో కూడా ఊపిరాడని పరిస్థితే!" అన్నాడు హీరో తాలూకు ఆయన.

లిఫ్టాయన వాళ్లని పక్కకి తప్పించి, మోకాళ్ల మీద కూర్చుని, చెవి తిప్పి తలుపు జానెడు తెరిచాడు. కింద మసక వెల్తురులో జడ్జిగారి తెల్లజుట్టు, చెమట పట్టిన నుదురు, మోకాలి ఎత్తులో. ఆరేళ్లుగా ఏ మనిషి ఒక్కసారి తన కథ చదవాలని కోరుకున్నాడో ఆ మనిషి మొహం ఎత్తి తనకేసి చూస్తున్నాడు. చూడక తప్పదు కూడా.

"సార్," అన్నాడు లిఫ్టాయన. వెనక ముప్పై మంది ఊపిరి బిగబట్టారు. "భయపడకండి. తాడు తెగదు. ఆరు తాళ్లుంటాయి, ఒక్కటున్నా మిమ్మల్ని మోస్తుంది. పైకెళ్లి నెమ్మదిగా ఎక్కిస్తాను. తలుపు ముట్టుకోకండి. ఆ చేతులూపే ఆయన్ని జేబుల్లో పెట్టుకోమనండి."

అంతే. తలుపు మూసి పైకెళ్లిపోయాడు.

డాబా మీద మిషను గదిలో కరెంటు ఆపాడు. వాచ్‌మన్‌ని బ్రేకు లివరు పట్టుకోమని, తను చక్రం మీద వాలాడు. ఎప్పుడోగానీ వాడని చక్రం, మొదటి చుట్టుకి భుజం కలుక్కుమంది. తాళ్ల మీద ఒక్కో అంతస్తుకి ఒక్కో పసుపు గీత ఉంటుంది. ఆ గీత వచ్చి గుర్తు దగ్గర నిలబడేదాకా తిప్పాలి, కాస్త తిప్పి, ఆగి, మళ్లీ కాస్త. పది నిమిషాలు పట్టింది. చొక్కా వీపుకి అతుక్కుపోయింది. ఆరిన చొక్కా అదొక్కటే.

తలుపు తెరవగానే జడ్జిగారు ఎవరికేసీ చూడకుండా మెట్లవైపు పోయారు. కథకులంతా ఆయన వెనకే పోయారు. సెమీఫైనల్ ఒక్క క్షణం ఆగి, "జడ్జిని చేతిలో పెట్టుకుని తాళ్ల లెక్క చెప్పావా! నీ అంత అమాయకుణ్ణి చూళ్లేదు," అని తనూ పోయాడు.

కోఆర్డినేటరమ్మాయి మెట్టు మీద కూలబడింది. మంచినీళ్లు తాగాక, సర్వీసు కాగితం మీద సంతకం పెట్టాలని లిఫ్టాయన చెబితే తీసుకుంది. పని పూర్తయినట్టు వాడుకదారు సంతకం లేకపోతే ఆఫీసువాళ్లు ఆ పని చేసినట్టే లెక్కవేయరు. కింద మెకానిక్కు పేరు రాసే చోటు ఉంటుంది.

"మీ పేరండీ?"

చెప్పాడు.

ఆ అమ్మాయి పెన్ను ఆపేసింది. ఆయన మొహంకేసి చూసింది. "మీరా! మీ పేరు నాకు బాగా తెలుసండీ!"

లిఫ్టాయన గుండె ఒక అంతస్తు పైకెళ్లింది. "తెలుసా?"

"తెలియకపోవడమేంటండీ. ఏటా చూస్తాగా. ఒక ముసలావిడ, లిఫ్టు... పైన కథ పేరు అలాంటిదేదో ఉంటుంది కదూ?"

"ఔనండీ!" అన్నాడు. "ఎలా ఉందండీ?"

"ఏది?"

"కథ."

ఆ అమ్మాయి మొహం మారింది. అబద్ధం చెప్పే అలవాటు లేని మొహం. "చదవలేదండీ," అంది. "నాదసలు చదివే పని కాదు. వచ్చినవాటిని తెరిచి, పేజీల పైనా కిందా ఎక్కడైనా పేరుందేమో చూడ్డం నా పని. మధ్యలో ఏముందో చదివేవాళ్లు వేరే. పేరుంటే వాళ్లదాకా పంపం. పక్కన పెట్టేస్తాం."

"మొదటి పేజీ మీద పేరు లేదండీ. నేనే వద్దన్నాను."

"మొదటి పేజీ మీద లేదండీ. మిగతా అన్నిటి కిందా ఉంది. సన్నగా గీత గీసి, దాని కింద చిన్నక్షరాలతో మీ పేరు. ప్రతి పేజీకీ." ఆ అమ్మాయికి ఏదైనా మంచి మాట చెప్పాలనిపించినట్టుంది. "చాలా నీటుగా ఉంటుందండీ మీ టైపింగు. అంత నీటుగా ఎవ్వరూ పంపరు."

"ఆరేళ్లూనా?"

"నేనొచ్చి నాలుగేళ్లు. నాలుగేళ్లూ నాకు తెలుసు. నాకు ముందున్నామె కూడా చెప్పింది, ఒకాయన ఉన్నాడు, ఎన్నిసార్లు పక్కన పెట్టేసినా గీత గీసి మరీ పేరు పెడతాడు, పట్టుదల మనిషి అని."

"ఒక్క ముక్క రాయొచ్చు కదమ్మా, పేరుందని."

"అలా రాస్తే ఫలానా రచన ఎవరిదో మేం గుర్తుపెట్టుకున్నట్టవుతుంది కదండీ. అది రూలుకి విరుద్ధం." తను అన్నమాట తనకే ఎలాగో వినపడిందేమో, తల దించుకుని సంతకం పెట్టేసింది. "సారీ అండీ."

లిఫ్టాయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. కింద ఆఫీసులో లిఫ్టు రిజిస్టరులో రాయాల్సింది రాసి, లిఫ్టుని రెండుసార్లు ఖాళీగా పైకీ కిందకీ నడిపి చూశాడు. బాగానే నడుస్తోంది. ఇంటికి మాత్రం నడిచే వెళ్లాడు.

*

ఆదివారం సభ ముగింపు. ఆయన వెళ్లలేదు. మంచం మీద పడుకుని పైకప్పు చూస్తున్నాడు. ఇల్లాలు గదిలోనే బట్టలు ఇస్త్రీ చేస్తోంది.

"వెళ్లరా ఇవాళ?"

"జ్వరంగా ఉంది."

"ఇంట్లో కూడా జ్వరమేనా?" అంది. నుదుటి మీద చెయ్యి వేసి చూసి, మళ్లీ ఇస్త్రీ దగ్గరికి పోయింది.

ఆయనకి నిన్నట్నుంచీ ఒకటే లెక్క. రెండో ఏడాది సభలో ఎవరో పదో పేజీలోపు విలన్ రావాలన్నారని విలన్‌ని పెట్టాడు. మూడో ఏడాది కథ వెనక్కెళ్లి ముందుకి రావాలన్నారని అటూ ఇటూ తిప్పాడు. నాలుగో ఏడాది ఆ ముసలావిడకి తప్పిపోయిన చెల్లెలు దొరికింది. ఐదో ఏడాది లిఫ్టులో బాంబు. ఈ ఏడాది ఇంకో బాంబు. అన్నీ చేసింది ఎవరికో నచ్చలేదని. నచ్చకపోవడానికి ఎవరూ చదవనే లేదు.

"ఇదిగో," అన్నాడు. "ఒకటి అడుగుతాను, నిజం చెప్పు. నువ్వు టైపు చేస్తావుగా. చేసేటప్పుడు చదువుతావా?"

"చదవకుండా ఎలా టైపు చేస్తారండీ? కళ్లు మూసుకునా?"

"అది కాదు. కథలా చదువుతావా అని."

"చదువుతాను."

"ఎలా ఉంది?"

ఆవిడ చొక్కా కాలరు మీద ఇస్త్రీపెట్టె నొక్కి, తీసి, పక్కన నిలబెట్టింది. "ఏ ఏడాదిది?"

లిఫ్టాయన లేచి కూర్చున్నాడు.

"మొదటిది బాగుండేది," అంది. "ముప్పై ఏళ్లు షాపులో లిఫ్టు నడిపిన ముసలావిడ. ఆఖరి రోజు. రోజూ ఎందరినో ఆరో అంతస్తుకి తీసుకెళ్తుంది గానీ తనెప్పుడూ అక్కడ దిగదు. ఆ రోజు దిగుతుంది. దిగి అటూ ఇటూ చూసి, అమ్మకానికి పెట్టిన కుర్చీలో కూర్చుంటుంది. ఎవరో వచ్చి 'లేవమ్మా, ఈ కుర్చీ మేం కొన్నాం' అంటారు. అక్కడ నేను టైపింగు ఆపేసి వెళ్లి మొహం కడుక్కుని వచ్చాను. మీరప్పుడు డాబా మీద ఉన్నారు."

"మరి తర్వాతవి?"

"తర్వాత మీరు బాగుచేయడం మొదలెట్టారు." చొక్కా తిప్పింది. "ఆ ముసలావిడ ఏం పాపం చేసిందని లిఫ్టులో బాంబు పెట్టారండీ? ఒకటి చాలక రెండు."

"మరి చెప్పలేదే!"

"మీరు అడగలేదుగా."

"అడక్కపోతే మాత్రం..."

"ఆరేళ్లలో ఆ హాల్లో ఎందరినో అడిగారు, ఎలా రాయాలి ఎలా రాయాలి అని. పుస్తకాల నిండా రాసుకొచ్చారు. నాకు నోటుపుస్తకం ఇచ్చి 'అచ్చుతప్పులు చూసుకో' అన్నారు. చూసుకున్నాను. ఒక్క తప్పుంటే చూపించండి." గొంతులో కోపం లేదు. అంత ఇస్త్రీ చేశాక కోపానికి ఓపిక ఉండదు.

ఒక మనిషి కూర్చుని మొత్తం చదివింది. ఒకసారి కాదు, ఆరుసార్లు. అదీ చెయ్యి నొప్పెట్టుకుంటూ.

"ఆ మొదటిది ఉందా ఇంకా?"

"ఉండక? పారేస్తానా? ఏడాదివారీగా పెట్టాను." మడిచిన బట్టలు చంకన పెట్టుకుని బీరువా ఉన్న గదిలోకి పోతూ, "చూసుకోండి, కంప్యూటర్లో పైనుంచి మొదటి ఫైలు," అంది.

ఆయన కంప్యూటరు ముందు కూర్చున్నాడు. లిఫ్టు బోర్డులో నలభై తీగలుంటే కళ్లు మూసుకుని చెబుతాడు గానీ ఈ పెట్టె ముందు మాత్రం చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటాడు. ఎలాగో తెరిచాడు. అరవై ఎనిమిది పేజీలు. మొదటిది తప్ప ప్రతి పేజీ అడుగున సన్నటి గీత, గీత కింద ఆయన పేరు, పక్కన పేజీ అంకె. అంత చిన్నగా, అంత ఒద్దికగా ఉంది. రెండో పేజీలో పేరు మీద క్లిక్ చేసి చెరిపాడు. పేరుతో పాటు అంకె పోయింది, గీత పోలేదు. ఇంకేదో నొక్కాడు. కథంతా లావు అక్షరాల్లోకి మారి నూట పది పేజీలైంది.

"ఏం చేస్తున్నారు?" అంటూ వచ్చింది ఇల్లాలు. ఒకే ఒక్క మీట నొక్కి అంతా వెనక్కి తెచ్చేసింది. పేరూ తిరిగొచ్చింది. ఆవిడ వంగుని తెరమీద వేలు పెట్టింది. "ఇది చూశారా ఎప్పుడైనా? ఆరేళ్లలో ఒక్కసారైనా చూశారా?"

"చూళ్లేదు."

"అదిగో. మొదటి పేజీ మీద పేరు వద్దన్నారు కదా మీరు, సరే తీసేశాను. కానీ కాగితాలు ఊడిపోతే? మా సెక్షన్లో ఒకసారి పేరు లేని పేజీ ఒకటి ఇంకొకరి ఫైల్లోకి పోయింది. ఏ రోగం లేని మనిషి పది రోజులు మాత్రలు మింగాడు. ఆ రోజునుంచీ నా చేతిలోంచి పేరు లేని పేజీ బయటికి వెళ్లదు." తలుపు వైపు చూసి, కాస్త గొంతు తగ్గించింది. "ఏ పేజీ ఎవరి చేతిలో పడ్డా ఇది మీరు రాసిందని తెలుస్తుంది. అందుకే పెట్టాను. చిన్నక్షరాలే, ఎవరికీ అడ్డం లేదు."

లిఫ్టాయన ఆ వేలికేసి చూశాడు. మణికట్టు పట్టీ కింద చర్మం ఎర్రగా కమిలి ఉంది.

"బాగుంది," అన్నాడు.

"ఇంకో పోటీ ఉందట, బుధవారం ఆఖరి తేదీ. మా డాక్టరమ్మ చెప్పింది. దీనికి ఈ మొదటిదే పంపుదాం. ఒక్క అక్షరం మార్చకండి. నేనే పంపేస్తాను," అంది. చాన్నాళ్ల తర్వాత ఆవిడ మొహంలో కొంచెం వెలుగొచ్చింది.

*

ఇదండీ సంగతి. ఇవాళ మంగళవారం. పొద్దున లిఫ్టాయన పిట్టగోడ దగ్గరికి వచ్చి ఇదంతా చెప్పి, బుధవారం పోటీలో కూడా పేరు కనపడితే పక్కన పెట్టేస్తారట, ఏం చెయ్యమంటారని నన్నడిగాడు. సలహాలివ్వడంలో నాకు మొహమాటం లేదు గనక వెంటనే ఇచ్చాను. ఈ ఏడాది పోటీలన్నిటికీ కొత్తగా రూలు పెట్టారు, ఎక్కడా పేరు ఉండకూడదట అని చెప్పెయ్యండి అన్నాను.

"అవదండీ," అన్నాడు. "ఆవిడ రికార్డుల సెక్షను. పాత పోటీ రూళ్లు ఆరేళ్లవీ అచ్చుతీసి ఫైలు చేసి పెట్టింది. కొత్త రూలంటే పాతవి తీసి పక్కన పెట్టుకుని చూస్తుంది. పధ్నాలుగో నంబరులో అప్పట్నుంచీ ఉంది, నేను నిన్న చూశాను. మా ఇద్దర్లో దాన్ని చదవాల్సింది నేనే. ఆవిడకి మొదటి పేజీ అని చెప్పింది నేను. నా మాట మీద నమ్మకంతో ఆవిడ చదవలేదు."

"అయితే నిజం చెప్పెయ్యండి."

"చెబితే, ఆరేళ్ల ఆదివారాలు, ఆ చెయ్యి... అన్నీ తన వల్లే అనుకుంటుందండీ. నేను కాదన్నా అనుకుంటుంది. మళ్లీ కీబోర్డు ముట్టుకోదు."

"పోనీ మీరే ఎక్కడైనా బయట పేరు తీయించి పంపండి, చెప్పకుండా."

"పంపాక తనే మళ్లీ తెరిచి పేజీలు లెక్కపెట్టుకుంటుంది. పైగా ఆవిడ పెట్టిన పేరు ఆవిడకి తెలియకుండా తీసెయ్యడం..." అని ఆగిపోయాడు. పిట్టగోడ మీద పెచ్చు ఒకటి గోటితో గీకాడు. "ఇంకో మాట చెప్పనాండీ? నవ్వకండి. పేరు లేకుండా పంపితే ఈసారి నిజంగా చదువుతారు. చదివి బాలేదంటే ఏం చెయ్యాలో నాకు తెలీదు. ఎవరూ చదవలేదన్నది ఒకరకంగా సుఖంగానే ఉంది. ఊరికే ఆవిడ పేరు చెప్పి తప్పించుకుంటున్నానేమో కూడా."

నేను నవ్వలేదు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. ఇక్కడ కప్ప, పాము కూడా ఆయనే అయి కూర్చున్నాడు. ఆలోచించి సాయంత్రం చెబుతానన్నాను. సాయంత్రమైంది. ఆయన గోడ అవతల ఇప్పటికి రెండుసార్లు దగ్గాడు. నేను ఇంట్లో లేనట్టు కూర్చున్నాను.

మీలో పోటీలకి పంపినవాళ్లుంటారు. పెళ్లయినవాళ్లుంటారు. రెండూ అనుభవించినవాళ్లు కూడా ఎక్కడో ఒకరుండకపోరు. ఆయన ఏం చెయ్యాలో మీరు చెప్పండి. చెప్పాలా, మానాలా? చెబితే ఏ మాటతో మొదలుపెట్టాలి? మొదటి మాట దొరికితే మిగతాది ఆయనే చెప్పుకుంటాడు. రేపు ఆవిడ ఐదున్నరకి డ్యూటీ దిగి వస్తుంది. కాఫీ తాగి, పట్టీ బిగించుకుని, ఆరింటికల్లా పంపేస్తుంది. ఆవిడ ఏ పనీ ఆలస్యం చెయ్యదు. కాస్త తొందరగా చెప్పండి బాబూ, మీకు దణ్ణం పెడతాను. మూడోసారి దగ్గుతున్నాడు.